డంపింగ్ యార్డు స్థలంలో పార్కు కడతామంటున్నారా? బొమ్మ చూసే ముందు నేల కింద ఏముందో అడగండి

మీ ఊళ్లో పాత డంపింగ్ యార్డు ఉంటే ఈ వార్త మీరు ఇప్పటికే చదివి ఉంటారు, లేదంటే త్వరలో చదువుతారు. చెత్త తీసేస్తాం, ఆ స్థలంలో పార్కు పెడతాం. వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, పిల్లలకు క్రికెట్ గ్రౌండు. పక్కనే కంప్యూటర్‌లో గీసిన పచ్చటి బొమ్మ ఒకటి.

ఏళ్ల తరబడి కంపు, పొగ, ఈగలు భరించిన కాలనీవాళ్లకు ఇంతకంటే మంచి కబురు ఉండదు. ఇదేమీ అసాధ్యమైన పని కాదు. ప్రపంచంలో చాలా నగరాలు చేశాయి. మన దేశంలోనూ ఇందోర్ లాంటి చోట్ల చెత్తగుట్ట మాయమైంది. కాకపోతే మామూలు ఖాళీ స్థలంలో కట్టే పార్కు వేరు, చెత్త మీద కట్టే పార్కు వేరు. మొదటిదానికి గేటు, గడ్డి, బెంచీలు ఉంటే చాలు. రెండోదాన్ని రిబ్బన్ కత్తిరించాక కూడా దశాబ్దాల పాటు కనిపెట్టుకుని ఉండాలి. ఆ రెండో భాగానికి డబ్బు ఎవరిస్తారు, బాధ్యత ఎవరిది అన్న సంగతి ప్రకటనల్లో చాలాసార్లు కనిపించదు.

ఇప్పుడే ఎందుకు ఇన్ని ప్రకటనలు?

2021 అక్టోబరులో కేంద్రం స్వచ్ఛ భారత్ మిషన్ అర్బన్ 2.0 మొదలుపెట్టింది. పట్టణాల్లో పేరుకుపోయిన పాత చెత్తను, అధికారుల భాషలో లెగసీ వేస్ట్‌ను, పూర్తిగా తొలగించడం అందులో ఒక ప్రధాన లక్ష్యం. కేంద్ర సాయాన్ని లెక్కగట్టడానికి టన్నుకు రూ.550 ప్రమాణంగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు 2న మచిలీపట్నం సభలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలోగా తీసేయాలని గడువు పెట్టారు. రూ.550 చొప్పున గుణిస్తే ఆ ఒక్క రాష్ట్రం లెక్కే రూ.467 కోట్లు దాటుతుంది.

చెత్త తీస్తే భూమి మిగులుతుంది. ఒకప్పుడు ఊరి చివర ఉన్న యార్డు ఇప్పుడు ఊరి మధ్యకు వచ్చేసింది. అక్కడ ఎకరం ధర ఎంతో మీకు తెలుసు. అందుకే ఆ భూమిని ఏం చేయాలన్న ప్రశ్న చెత్త తీయడం పూర్తి కాకముందే మొదలవుతోంది.

మౌంటెన్ వ్యూ ఏం చేసింది?

ఈ విషయంలో బాగా పనికొచ్చే ఉదాహరణ కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లలో చాలామంది ఆదివారం పొద్దున నడకకు వెళ్లే చోటే అది. గూగుల్ ప్రధాన కార్యాలయం పక్కన ఉండే షోర్‌లైన్ పార్కు. సుమారు 750 ఎకరాలు, లోపల పడవలు నడిపే సరస్సు, గోల్ఫ్ మైదానం, సముద్రపు పాయ వెంట నడకదారి. దానిలో పెద్ద భాగం శాన్‌ఫ్రాన్సిస్కో చెత్త మీద ఉందని చెబితే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు.

కథ 1960ల చివర్లో మొదలైంది. అప్పుడు ఆ తీరం పల్లపు చిత్తడి నేల. పక్కనే పాత కార్ల జంక్‌యార్డులు, పందుల పెంపకం. వరద వస్తే మునిగేది. మౌంటెన్ వ్యూ నగరం అక్కడ భూమి సేకరించి, పార్కు కట్టాలని నిర్ణయించుకుంది. నేల ఎత్తు పెంచాలంటే లక్షల టన్నుల మట్టి కావాలి, అంత డబ్బు లేదు. దాంతో మట్టికి బదులు చెత్త తెప్పించుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో చెత్తను తీసుకున్నందుకు ఆ నగరం నుంచి ఫీజు కూడా వసూలు చేసింది. 1970 నుంచి పదేళ్లకు పైగా లారీలు వచ్చాయి. 1983లో పార్కు తెరిచారు.

మన దగ్గర జరిగిన దానికి ఇది తలకిందులు. మనం ముందు చెత్త పోసి, గుట్ట అయ్యాక, జనం తిట్టాక, కోర్టు అడిగాక, అప్పుడు పార్కు గురించి ఆలోచిస్తాం. వాళ్లు మొదటి లారీ రాకముందే ఇది పార్కు అవుతుందని రాసుకుని దిగారు. అంత ముందుచూపుతో చేసినా దెబ్బ తగిలింది.

1986లో అదే చెత్త నేల మీద షోర్‌లైన్ యాంఫీథియేటర్ అనే పెద్ద ఆరుబయట కచేరీ వేదిక ప్రారంభమైంది. ముందువైపు కుర్చీలు, వెనక పచ్చిక వాలు. మొదటి సీజన్‌లోనే ప్రేక్షకులు పచ్చిక మీద కూర్చుని లైటర్ వెలిగిస్తే నేలలోంచి మంట లేచింది. ఒకసారి కాదు, చిన్నచిన్న మంటలు చాలాసార్లు. కింద కుళ్లుతున్న చెత్తలోంచి మీథేన్ పైకి వస్తోందని తేలింది. నగరం అధ్యయనాలు చేయించింది. చివరికి పచ్చిక మొత్తం పెకలించి, గ్యాస్ పైకి రాకుండా అడ్డుపొర వేసి, దాన్ని పీల్చే పైపులు పెట్టి, మళ్లీ గడ్డి పరవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో ఎవరూ చనిపోకపోవడం అదృష్టం. అమెరికాలోనే 1969లో నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో డంపు పక్కన ఉన్న ఒక సైనిక భవనంలోకి ఇలాంటి గ్యాసే చేరి పేలింది. ముగ్గురు చనిపోయారు. 1986లో ఇంగ్లండ్‌లోని లాస్కో అనే ఊళ్లో డంపు దగ్గరి ఇల్లొకటి పూర్తిగా కూలిపోయింది. అక్కడ గ్యాస్ పైకి రాలేదు. నేల పొరల్లోంచి పక్కకు పాకి ఇంటి కిందకు చేరింది. వాతావరణ పీడనం ఒక్కసారిగా పడిపోవడంతో లోపలి గ్యాస్ ఎగదన్నుకొచ్చిందని దర్యాప్తులో తేలింది. అంటే యార్డు లోపలే కాదు, దాని పక్క వీధిలో ఉన్నవాళ్లకు కూడా ఇది సంబంధించిన విషయమే.

నేల కింద జరిగేవి మూడు

చెత్తలో ఉన్న కూరగాయల తొక్కలు, అన్నం, కాగితం, కొమ్మలు గాలి అందకుండా కుళ్లితే గ్యాస్ పుడుతుంది. అందులో సుమారు సగం మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. ఆరుబయట గాలికి చెదిరిపోతుంది కాబట్టి భయం తక్కువ. మూసిన గదుల్లోనే ప్రమాదం. పార్కులో మూసిన గదులు ఏముంటాయి అనుకుంటున్నారా? టాయిలెట్ బ్లాకు, వాచ్‌మన్ గది, కరెంటు ప్యానెల్ గది, డ్రైనేజీ మ్యాన్‌హోలు. అన్నీ ఉంటాయి.

రెండోది ఊట. వాన నీళ్లు చెత్తలోంచి దిగుతూ అందులోని రసాయనాలను, లోహాలను కలుపుకుని నల్లటి రసంలా కిందకు కారతాయి. లీచేట్ అంటారు. మన పాత యార్డులకు కింద ఏ పొరా లేదు. క్వారీ గుంతల్లో, బంజరు భూముల్లో, చెరువు శిఖాల్లో నేరుగా పోశాం. అందుకే అది సరాసరి బోర్లలోకి వెళ్తుంది. హైదరాబాద్‌లో జవహర్‌నగర్ యార్డు కింద ఉన్న మల్కారం చెరువు ఏమైందో ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు చెబుతారు. ఆ ఊటను శుద్ధి చేసే ప్లాంటు 2023లో ప్రారంభమయ్యే నాటికి చెరువు నల్లబడి ఏళ్లయింది.

మూడోది కుంగడం. కుళ్లిన చెత్త పరిమాణం తగ్గుతుంది, పైన నేల దిగుతుంది. అంతా ఒకేలా దిగితే పర్వాలేదు. ఒకచోట ప్లాస్టిక్ కవర్లు, ఇంకోచోట కూల్చిన ఇళ్ల రాళ్లు, మరోచోట మార్కెట్ చెత్త ఉంటాయి కాబట్టి ఎగుడుదిగుడుగా దిగుతుంది. బ్యాడ్మింటన్ కోర్టు సిమెంటు పగులుతుంది. ట్రాక్ మీద నీళ్లు నిలుస్తాయి. భూమిలో వేసిన నీటి పైపు జాయింట్ దగ్గర విరుగుతుంది. ఆ నీళ్లు మళ్లీ చెత్తలోకే దిగి మరింత ఊట, మరింత గ్యాస్.

ఇక్కడే అసలు ఖర్చు దాగి ఉంటుంది. పార్కుకు నీళ్లు, కరెంటు, డ్రైనేజీ, రోడ్డు, పార్కింగ్ కావాలి. మామూలు స్థలంలో ఇవి కాంట్రాక్టరుకు రోజువారీ పని. చెత్త మీద ప్రతిదీ తలనొప్పే. కరెంటు స్తంభానికి గుంత తవ్వితే పైన వేసిన రక్షణ పొరకు చిల్లు పడుతుంది. సెప్టిక్ ట్యాంకు పెట్టకూడదు. మురుగు పైపులు వాలు చూసి వేస్తాం, నేల కుంగితే ఆ వాలు తిరగబడుతుంది. గడ్డికి స్ప్రింక్లర్లు తిప్పేస్తే పొర కిందకు నీళ్లు దిగుతాయి. లోతుగా వేళ్లు దిగే రావి, మర్రి లాంటి చెట్లు వద్దు. స్విమ్మింగ్ పూల్ మాటెత్తకపోవడమే మంచిది. అందుకే తెలిసినవాళ్లు భవనాలను, టాయిలెట్లను, పార్కింగ్‌ను చెత్త లేని అంచు స్థలంలో కట్టి, చెత్త ఉన్న భాగాన్ని గడ్డిగా, నడకదారిగా వదిలేస్తారు. మీ ఊరి పార్కు ప్లాన్‌లో ఏది ఎక్కడ ఉందో చూస్తే గీసినవాళ్లు నేల గురించి ఆలోచించారో లేదో అర్థమైపోతుంది.

కప్పాలా, తవ్వాలా?

పాత యార్డును పార్కు చేయడానికి రెండు దారులున్నాయి. గుట్టను అక్కడే ఉంచి పైన పొరలు కప్పడం క్యాపింగ్. తవ్వి, జల్లెడ పట్టి, దేనికది వేరు చేసి తరలించడం బయోమైనింగ్.

కప్పడానికి కొలతలు 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇచ్చారు. నీరు దిగని బంకమట్టి పొర 60 సెంటీమీటర్లు, దాని మీద నీరు పక్కకు పోయే పొర 15, ఆపైన మొక్కలు పెరిగే మట్టి 45. మొత్తం నాలుగు అడుగుల మందం. మూసేశాక కనీసం 15 ఏళ్లు గ్యాస్, ఊట, భూగర్భ జలాలను పరీక్షిస్తూ ఉండాలని ఆ నిబంధనలు చెప్పాయి. ఆ 15 ఏళ్ల తర్వాత కూడా గ్యాస్, ఊట ప్రమాణాల లోపల ఉన్నాయని, నేల స్థిరపడిందని తేలితేనే ఆ స్థలాన్ని జనావాసానికి గానీ మరో పనికి గానీ వాడే ఆలోచన చేయాలని కూడా చెప్పాయి. అమెరికాలో ఈ పర్యవేక్షణ గడువు 30 ఏళ్లు. న్యూయార్క్‌లో ఫ్రెష్ కిల్స్ అనే 2,200 ఎకరాల భారీ డంపు 2001లో మూతపడింది. అక్కడ గుట్టల వైపు భూమిలో చెప్పుకోదగ్గ మొదటి ముక్క, 21 ఎకరాలు, జనానికి తెరిచింది 2023 అక్టోబరులో. ఇరవై రెండేళ్లు పట్టింది.

మన దగ్గర జవహర్‌నగర్‌లో క్యాపింగే చేశారు. సుమారు కోటీ 20 లక్షల టన్నుల పాత చెత్తను రూ.140 కోట్లకు పైగా ఖర్చుతో కప్పి, పైన గడ్డి పెంచి, గ్యాస్ పైపులు పెట్టారు. తవ్వి తీసేయాల్సింది అని అప్పట్లో చుట్టుపక్కల కాలనీల నుంచి గట్టిగానే వినిపించింది. కేంద్రం పెట్టిన రూ.550 లెక్కన అంత చెత్త తవ్వడానికి రూ.660 కోట్లవుతుంది. క్యాపింగ్ చౌక అనిపించడం సహజం. కానీ క్యాపింగ్ ఖర్చు ఒకసారితో అయిపోదు, చెత్త అక్కడే ఉంటుంది కాబట్టి కాపలా ఖర్చు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. పైగా అక్కడికి కొత్త చెత్త రావడం ఆగలేదు.

ఇందోర్ రెండో దారి పట్టింది. దేవగురాడియాలోని సుమారు వంద ఎకరాల యార్డులో దాదాపు 13 లక్షల టన్నులను 2018 చివరికల్లా తవ్వి తీసేసింది. పనిని టన్నుల లెక్కన కాంట్రాక్టుకు ఇవ్వకుండా యంత్రాలను అద్దెకు తీసుకుని రెండు షిఫ్టుల్లో నడిపి, ఖర్చును రూ.10 కోట్ల దగ్గరే ఆపగలిగింది. ఆ స్థలంలో ఇప్పుడు చెట్లున్నాయి. 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో గ్యాస్ తయారుచేసే ప్లాంటు కూడా అక్కడే ప్రారంభమైంది.

నా మట్టుకు నాకు, పిల్లలు ఆడుకునే స్థలమైతే తవ్వి తీయడమే నయం అనిపిస్తుంది. 15 ఏళ్ల నిరీక్షణ లెక్క ఖాళీ చేసిన నేలకు నేరుగా అతకదు, కుంగే భయం కూడా చాలావరకు పోతుంది. అయితే తవ్వేశాం కాబట్టి అంతా శుభ్రం అనుకోవడానికి లేదు. రెండు మెలికలున్నాయి.

ఒకటి, తవ్విన దాంట్లో పెద్ద వాటా మట్టిలాంటి పొడి. ప్లాస్టిక్, గుడ్డ ముక్కలు సిమెంటు ఫ్యాక్టరీలకు ఇంధనంగా వెళ్తాయి, రాళ్లు పల్లాల్లో నింపుతారు. ఈ పొడి మట్టిని మాత్రం చాలాచోట్ల అదే స్థలంలో పరిచి చదును చేసేస్తారు. అందులో సీసం, క్యాడ్మియం లాంటి లోహాలు, ఉప్పు, గాజుపెంకులు ఉండే అవకాశం ఉంది. దాని మీద నేరుగా పిల్లల ఇసుక తిన్నె, జారుడుబల్ల పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. రెండోది, పాతికేళ్లుగా ఊట దిగిన అసలు నేల. చెత్త పోయినా ఆ నేలా, కింది నీళ్లూ వెంటనే బాగుపడవు. పార్కులో బోరు వేసి ఆ నీళ్లే తాగడానికి పెట్టే ముందు పరీక్ష చేయించాలి.

నిర్వహణ డబ్బు ఎక్కడిది?

మళ్లీ మౌంటెన్ వ్యూకే వస్తాను, ఎందుకంటే అక్కడ నిజంగా నేర్చుకోవాల్సింది డబ్బు ఏర్పాటు. 1969లోనే ఆ ప్రాంతానికి రాష్ట్ర చట్టం ద్వారా ఒక ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశారు. పార్కు వచ్చాక చుట్టుపక్కల భూముల విలువ పెరుగుతుంది, దాంతో ఆస్తి పన్ను పెరుగుతుంది. ఆ పెరిగిన పన్ను ఆ విభాగానికే వెళ్తుంది. అందులోంచే పార్కుకు, చెత్త నేల నిర్వహణకు ఖర్చు చేస్తారు. తర్వాత అక్కడ పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాయి కాబట్టి నిధికి లోటు లేకుండా పోయింది. అందరికీ అలాంటి పొరుగు దొరకదు, అది వేరే సంగతి. అయినా ఏ పెరుగుదల ఏ ఖర్చుకు పోవాలో ముందే కాగితం మీద రాసుకోవడం మన కార్పొరేషన్లూ చేయగలిగిన పనే.

మన దగ్గర పార్కు కట్టడానికి ఒక పథకం కింద డబ్బు వస్తుంది, ప్రారంభోత్సవంతో ఆ పథకం ముగుస్తుంది. తర్వాత గ్యాస్ మీటరు చదివే మనిషి జీతం సాధారణ నిధుల్లోంచి ఇవ్వాలి. వీధి దీపాలకే బిల్లులు పెండింగులో ఉండే మున్సిపాలిటీ ఆ జీతం ఎన్నేళ్లిస్తుంది?

ఇంకో మాట. యార్డు మూసేటప్పుడు అక్కడ ప్లాస్టిక్, ఇనుము ఏరుకుని బతికే కుటుంబాలు ఉంటాయి. పార్కు ప్లాన్‌లో వాళ్లు కనిపించరు. చెత్త ఏరేవాళ్లను గుర్తించి, పొడి చెత్త వేరుచేసే పనుల్లో కలుపుకోవాలని 2016 నిబంధనలే చెప్పాయి. వాసన భరించిన కాలనీకి పార్కు న్యాయమే. ఆ వాసనలోనే పనిచేసినవాళ్లకు దక్కాల్సింది కూడా అడగాలి.

మీరు ఏం అడగొచ్చు?

అన్నిటికంటే ముందు భూమి ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోండి. కార్పొరేషన్‌దా, రెవెన్యూ శాఖదా, చెరువు శిఖమా, లీజుకు తీసుకున్నదా? శిఖం భూమి అయితే పార్కు పేరుతో చదును చేయడం చెరువును పూడ్చడమే అవుతుంది. కార్పొరేషన్‌దే అయితే పార్కుగా కౌన్సిల్ తీర్మానం, మాస్టర్ ప్లాన్‌లో నమోదు ఉన్నాయా చూడండి. అవి లేకపోతే రేపు అదే స్థలం వేలానికి రావడానికి అడ్డేమీ ఉండదు.

తర్వాత కప్పుతున్నారా, తవ్వుతున్నారా? తవ్వితే ఎన్ని టన్నులు, ఏది ఎక్కడికి వెళ్లింది? పని మొదలయ్యే ముందు, పూర్తయ్యాక చేసిన డ్రోన్ సర్వే కొలతలు ఉంటాయి, ఆ రెండింటి తేడా చూస్తే తీసింది ఎంతో తెలుస్తుంది. నేల, భూగర్భ జలం, గ్యాస్ పరీక్షల నివేదికలు ఏ తేదీవి? పార్కు తెరిచాక ఆ పరీక్షలు ఎవరు, ఎన్ని నెలలకోసారి చేస్తారు, బడ్జెట్‌లో ఏ పద్దు కింద?

వార్డు సభలోనో, కార్పొరేటర్‌నో అడిగితే దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద కమిషనర్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు రూ.10, జవాబుకు గడువు 30 రోజులు. పార్కు గురించి సమాచారం ఇవ్వండి అని రాస్తే ప్రెస్ నోట్ కాపీ పంపుతారు. డీపీఆర్ ప్రతి, పరీక్షల నివేదికల ప్రతులు, రెండు డ్రోన్ సర్వేల కొలతలు, నిర్వహణ పద్దు అని వేర్వేరుగా పేర్లు పెట్టి అడగండి. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఆ యార్డు తాలూకు నీటి పరీక్షలు ఉంటే వాటికి ఇంకో దరఖాస్తు వేరుగా పెట్టాలి.